రెండు రాతిపువ్వులు



రెండు నెలలుగా మీకు ఏమీ రాయలేదు. పనులు ఎక్కువై కాదు. మా వల్ల ఒక తప్పు జరిగింది. దాన్ని సరిచేసుకోకుండా మీకు మంచి మాటలు రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు కొంతవరకు సరిచేసుకున్నాం గనుక ఆ సంగతే రాస్తున్నాం. ఇది ఒక మసాలా దినుసు సంగతి. వస్తువు చిన్నదే. కానీ ఒక ఇంటి పొయ్యి దాని మీద ఆధారపడి ఉంది.

బిర్యానీ వండే ఇళ్ళల్లో రాతిపువ్వు అందరికీ తెలుసు. హైదరాబాదు వంటవాళ్ళు పత్తర్ కా ఫూల్ అంటారు. తమిళులు కల్పాసి అంటారు. మరాఠీవాళ్ళు దగడ్ ఫూల్ అని గోడా మసాలాలో వేస్తారు. ఆయుర్వేదంలో దాని పేరు శైలేయం. ఎండి ముడుచుకున్న బూడిదరంగు ఆకులా ఉంటుంది, కింది పక్క నలుపు. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంచెం మట్టి వాసన తప్ప ఏమీ తెలియదు. వేడి నూనెలో పడ్డాకే దాని గుణం బయటికి వస్తుంది.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు రాయము. భర్త పోయి ఆరేండ్లయింది. వారం వారం సంతలో పసుపు, ధనియాలు, గసాలు, మసాలా పొట్లాలు అమ్ముకొని బతుకుతుంది. వరంగల్‌కు బస్సులో పోయి టోకు కొట్టులో కిలోల లెక్కన తెచ్చుకుంటుంది. ఇంట్లో చాటలో పోసి చెరిగి, రాళ్ళూ పుల్లలూ ఏరి, రాత్రిపూట చిన్న చిన్న పొట్లాలు కడుతుంది. బిడ్డ హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. ఆ చదువు, ఆ బస్ పాసు, ఆ హాస్టల్ ఖర్చు, అన్నీ ఆ పొట్లాల మీదనే.

క్రిస్మస్ ప్రేమ విందుకు మసాలా ప్రతి ఏడూ ఆ అక్క దగ్గరే కొనేవాళ్ళం. ఈసారి వంటకు పక్క ఊరి నుంచి ఒక వంట మాస్టారును పిలిచాం. ఆయన సామాను చూసుకుంటూ రాతిపువ్వు పొట్లం విప్పి, రెండు ముక్కలు తీసి మా ముందు పెట్టాడు.

"చూడుండ్రి అమ్మగారూ, ఇండ్ల రెండు రకాలున్నయ్. అంచులకు నల్ల వెంట్రుకలు ఉన్నది చూసిండ్రా, అది అసలుది. ఈ వెడల్పు ఆకుకు వెంట్రుకలు లెవ్వు. ఇది నకిలీ. ఏదో చెట్టు మీది బూజు గీకి కలిపిండ్రు."

మేము చూశాం. నిజంగానే రెండు రకాలు ఉన్నాయి. ఒకదాని అంచుకు సన్నని నల్లని నూగు. ఇంకోదానికి లేదు, ఆకు వెడల్పుగా గుండ్రంగా ఉంది. మా కళ్ళతో మేమే చూశాం గనుక మాస్టారు చెప్పిన మాట మొత్తం నిజమే అనుకున్నాం. రెండు రకాలు ఉన్నాయన్నది ఒక సంగతి. అందులో ఒకటి నకిలీ అన్నది ఇంకో సంగతి. మొదటిది కంటికి కనబడింది గనుక రెండోదాన్ని కూడా దాని వెనకనే లోపలికి రానిచ్చాం.

ఆ సాయంత్రం అక్క వస్తే, "అక్కా, ఈసారికి మసాలా వేరే దగ్గర తెచ్చుకుంటం, తప్పుగ అనుకోకు" అని చెప్పాం. ఎందుకో ఆమె అప్పటికే విన్నది. గడప దగ్గరే నిలబడి అడిగింది.

"అయ్యగారూ, నేను ఎట్ల కొన్ననో అట్లనే అమ్మిన. నేను కలిపిన్నని మీరు గూడ అనుకుంటున్రా?"

మేము ఔననలేదు. కాదని కూడా అనలేదు. ఆమె కాసేపు చూసి వెళ్ళిపోయింది. పాస్టరు ఇంట్లో ఆమె పొట్లం వెనక్కి పంపారన్న మాట మరుసటి సంతకల్లా మూడు ఊళ్ళకు చేరింది. మేము నోరు తెరిచి ఒక్క చెడ్డమాట అనలేదని మాకు మేము సర్దిచెప్పుకున్నాం. కానీ ఊరు మా మౌనాన్నే సాక్ష్యం కింద తీసుకుంది. జనవరిలో ఆమె సంతకు రెండుసార్లే పోయింది. ఆదివారం ఆరాధనకు వచ్చేది, వెనక వరుసలో కూర్చొని, ఆఖరి పాట అవుతుండగానే లేచి వెళ్ళిపోయేది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఆ అక్క బిడ్డ మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల డిగ్రీలో బాటనీ తీసుకుంది. చేతిలో ఒక పొట్లం, కాలేజీలో అడిగి తెచ్చుకున్న భూతద్దం. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మగారూ, మా మేడంను అడిగిన. రెండూ రాతిపువ్వులేనట. జాతులు వేరట, అంతే. పరీక్ష చేసి చూడొచ్చట. బ్లీచింగ్ పౌడర్ ఉంటే చాలట."

ఆ మాట వినగానే మాకు ముందు సంతోషం రాలేదు, భయం వేసింది. అది నిజమైతే మేము ఏం చేసినట్టు?

పంచాయతీ ఆఫీసుకు పోయి, నీళ్ళ ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్ గుప్పెడు అడిగి తెచ్చాం. గ్లాసులో నీళ్ళు పోసి కలిపి, తేట నీళ్ళు తీసుకున్నాం. రాతిపువ్వు ముక్క పైపొరను బ్లేడుతో గీకితే లోపల తెల్లని దూది లాంటి పొర కనబడుతుంది. ఆ తెల్లని చోట ఒక చుక్క వేయాలి. వెడల్పు ఆకు రకమైతే ఎర్రబడాలి, నూగు అంచు రకమైతే రంగు మారకూడదు. ఆ పిల్ల చెప్పినట్టే చేశాం. ఏ ముక్కా ఎర్రబడలేదు. పది ముక్కల మీద వేశాం. దేనికీ రంగు రాలేదు.

ఆ క్షణంలో మా మనసులు ఎటు పోయాయో దాచకుండా చెప్తున్నాం. "అయితే మాస్టారు చెప్పిందే నిజమేమో" అన్న ఆలోచన మా ఇద్దరికీ వచ్చింది. పిల్ల మొహం వాడిపోయింది. మమ్మల్ని చూసి, "రేపు కాలేజీకి రండి అయ్యగారూ, మేడంనే అడుగుదాం" అన్నది.

మరునాడు హనుమకొండ పోయాం. ఆ లెక్చరర్ మా గ్లాసు కథ విని నవ్వారు. "ఆ పౌడర్ ఎన్నాళ్ళ కిందిది? సంచి మూతి తెరిచి పెట్టి ఉంటారు. బ్లీచింగ్ పౌడర్ గాలి తగిలితే చచ్చిపోతుంది. అందులో క్లోరిన్ లేకపోతే రంగు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు మీ పౌడర్‌ను పరీక్షించాలి, తర్వాతే ఆకును." వాళ్ళ దగ్గర ఇదివరకే పేరు తేల్చి, అట్ట మీద అంటించి పెట్టిన వెడల్పు ఆకు నమూనా ఒకటి ఉంది. ముందు కొత్తగా కలిపిన నీళ్ళు దాని మీద ఒక చుక్క వేశారు. రెండు మూడు సెకన్లలో తెల్లని చోట గులాబీ ఎరుపు పొంగింది. మేము చూస్తుండగానే మళ్ళీ వెలిసిపోయింది.

"ఇప్పుడు మీ ముక్కలు ఇవ్వండి" అన్నారు.

మా పొట్లంలోని వెడల్పు ఆకు ముక్కలు ఒక్కొక్కటీ ఎర్రబడ్డాయి. నూగు అంచు ముక్కలు తెల్లగానే ఉండిపోయాయి. ఆ పిల్ల మా వైపు చూడలేదు, బల్ల మీది ముక్కల వైపే చూస్తూ నిలబడింది. మేమూ ఏం మాట్లాడలేదు.

తర్వాత ఆమె ఓపికగా కూర్చోబెట్టి చెప్పినవి, మేము ఇంటికి వచ్చి చదువుకున్నవి కలిపి రాస్తున్నాం. మీ వంటింట్లో ఉన్న వస్తువే గనుక మీరూ తెలుసుకోవాలి.

రాతిపువ్వు పువ్వు కాదు, ఆకు కాదు, పాచి కాదు. అది లైకెన్. ఒక శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల జాతిది, ఒక శైవలంతో, అంటే చెరువు పాచి లాంటి పచ్చని జీవితో, కలిసి కట్టుకున్న ఇల్లు. శిలీంధ్రం గోడలు కడుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. శైవలం ఎండ పడితే తిండి వండుతుంది. ఈ రాతిపువ్వును నీళ్ళలో వేస్తే బూడిదరంగు పోయి కొంచెం పచ్చబడుతుంది. పైపొర తడిసి, లోపలి శైవలం కనబడటం వల్లనే అట్లా అవుతుంది. ఇది ఒక్క జీవి కాదు, ఇద్దరి కాపురం అని 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు.

మన పొట్లంలోని రెండు రకాలూ ఒకే ప్రజాతికి చెందినవి, దాని పేరు పార్మోట్రెమా. నూగు అంచు ఉన్నది పార్మోట్రెమా పెర్లాటమ్. వెడల్పు ఆకుది పార్మోట్రెమా టింక్టోరమ్. ఒక తల్లి పిల్లల్లాంటివి. రెండూ పైన బూడిదరంగు, కింద నలుపు, రెండింటికీ అంచుల దగ్గర కింది పక్క గోధుమరంగు. ఎండి ముడుచుకుంటే పైపైన చూసేవాళ్ళకు ఒక్కటే.

భూతద్దంలో తేడాలు తెలుస్తాయి. పెర్లాటమ్ అంచులకు అక్కడక్కడ నల్లని పొట్టి వెంట్రుకలు ఉంటాయి. ఆకు అంచులు కొంచెం పైకి చుట్టుకొని, ఆ చుట్టుకున్న చోట పిండి చల్లినట్టు తెల్లని పొడి ఉంటుంది. ఆ పొడి ఊరికే ఉన్నది కాదు. ఒక్కొక్క రేణువులో కొన్ని శైవల కణాలు, వాటిని చుట్టుకున్న శిలీంధ్రపు పోగులు ఉంటాయి. గాలికి, వానకు కొట్టుకుపోయి ఎక్కడ అంటుకుంటే అక్కడ కొత్త ఇల్లు. ఇద్దరూ కలిసే బయలుదేరతారు, ఒకరిని విడిచి ఒకరు పోరు.

టింక్టోరమ్ అంచులకు వెంట్రుకలు ఉండవు, పొడి ఉండదు. దానికి బదులు ఆకు నడిమి భాగంలో సన్నని మొలకలు ఒత్తుగా ఉంటాయి, గరుకు కాగితం మీద వేలు పెట్టినట్టు తగులుతాయి. అవి కూడా విత్తనాల్లాంటివే, విరిగి పడి వేరే చోట మొలుస్తాయి. అంటే రెండూ చేసే పని ఒకటే. ఒకటి పొడిగా పంపుతుంది, ఒకటి మొలకగా పంపుతుంది.

లోపలి తేడా రసాయనంలో ఉంది. టింక్టోరమ్ తెల్లని పొరలో లెకనోరిక్ ఆమ్లం ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళకు ఎర్రబడేది అదే. పెర్లాటమ్‌లో దాని బదులు స్టిక్టిక్ ఆమ్లం ఉంటుంది. అది బ్లీచింగ్‌కు మారదు, కానీ పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే పసుపు పచ్చగా అవుతుంది. ఆమె ఆ చుక్క కూడా వేసి చూపించారు. ఇంకో మాట కూడా చెప్పారు. "ఎర్రబడలేదు గనుక అది పెర్లాటమే అనుకోకండి. రెటిక్యులాటమ్ అని మూడోది ఒకటి ఉంది. దానికీ అంచు వెంట్రుకలు, పొడి ఉంటాయి. అది కూడా బ్లీచింగ్‌కు మారదు. కానీ దాని పైపొర మీద వల లాగా తెల్లని గీతలు ఉంటాయి, పొటాషియం చుక్కకు ముందు పసుపు, తర్వాత ముదురు ఎరుపు వస్తుంది. ఒక్క గుర్తుతో పేరు పెట్టొద్దు." మన బజార్లలో రాతిపువ్వు పేరుతో అమ్మేది తరచుగా ఇట్లాంటి దగ్గరి జాతుల కలగలుపే. అడవిలో ఏరేవాళ్ళు రాళ్ళ మీద, చెట్ల మీద పక్కపక్కనే పెరిగినదాన్ని కలిపే ఏరుతారు. హిమాలయాల నుంచి, దక్షిణాది కొండల నుంచి మూటలు కట్టి పంపుతారు. వరంగల్ టోకు కొట్టుకు వచ్చేటప్పటికే అది కలిసి ఉంటుంది. మా అక్క కలపవలసిన పనే లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఇంకో పని చేశాం. క్రిస్మస్‌కు మేము "మంచి కొట్టు" అని కొన్న పొట్లంలో కొంచెం మిగిలి ఉంది. దాన్ని కాగితం మీద పోసి భూతద్దంతో చూశాం. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. పైగా అందులో పుల్లలు, మట్టి ఎక్కువ. అక్క పొట్లంలో ఒక్క పుల్ల లేదు, రాత్రిళ్ళు కూర్చొని ఏరినది గనుక. అదే మాస్టారు అదే మసాలాతో ఆ రోజు బిర్యానీ వండాడు. మనమందరం బాగుందన్నాం.

రెండు రకాలనూ వేరువేరుగా నూనెలో వేయించి కూడా చూశాం. రెండూ ఘుమఘుమలాడాయి. మా ఇంటి ముక్కులకు తేడా దొరకలేదు. (బ్లీచింగ్ చుక్క వేసిన ముక్కలను మాత్రం పారేయండి, పొరపాటున కూడా వంటలో వేయకండి.)

ఈ చుక్క పరీక్ష వెనక ఉన్న మనిషి గురించి చదివితే మాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. ఆయన పేరు విలియం నైలాండర్. ఫిన్లాండ్ దేశస్థుడు, పారిస్‌లో స్థిరపడ్డాడు. లైకెన్ల మీద బ్లీచింగ్ చుక్క, పొటాష్ చుక్క వేసి రంగును బట్టి జాతులు గుర్తుపట్టవచ్చని 1866లో ప్రకటించింది ఆయనే. అదే ఏడాది పారిస్ లక్సెంబర్గ్ తోటలోని లైకెన్లను చూసి, ఊళ్ళో గాలి చెడితే ఇవి బతకవని రాసిందీ ఆయనే. మన వెడల్పు ఆకు రకానికి టింక్టోరమ్ అన్న పేరును 1872లో ప్రచురించింది కూడా ఆయనే. ఆ పేరుకు అద్దకం వాళ్ళది అని అర్థం. లెకనోరిక్ ఆమ్లం ఉన్న లైకెన్లను అమోనియాలో నానబెడితే ఊదారంగు వస్తుంది, దాంతో పూర్వం బట్టలకు రంగు వేసేవారు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలకు నూలు అద్దే ఇళ్ళవాళ్ళకు ఈ మాట చెప్తే ఇష్టపడతారు.

ఇంత సూక్ష్మంగా చూసిన ఆ మనిషే, లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసిన కాపురం అని ష్వెండెనర్ చెప్పినప్పుడు చివరి దాకా ఒప్పుకోలేదు. దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఒక విషయంలో అందరికంటే ముందు చూసినవాడు ఇంకో విషయంలో కళ్ళు మూసుకున్నాడు. ఇది చదివి మేము ఆయనను తప్పు పట్టలేకపోయాం. బోధించేవాళ్ళకు ఈ జబ్బు బాగా తెలుసు.

మన తెలుగు నేల మీద కూడా ఈ పని జరిగింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. ఆర్. శేషాద్రి గారు 1940లలో శిష్యులతో కలిసి భారతదేశపు లైకెన్లలో ఏయే ఆమ్లాలు ఉన్నాయో ఒక్కొక్కటి తీసి, శుద్ధి చేసి, ప్రచురించారు. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1963లో పద్మభూషణ్ వచ్చింది. రాతి మీద అంటుకున్న బూడిదరంగు పొర ముందు అంత పెద్ద మనిషి ఏండ్ల తరబడి కూర్చున్నాడు. మేము అర నిమిషం చూసి తీర్పు చెప్పాం.

మా ఊళ్ళల్లో మిరపకాయ సంగతి చూడండి. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు వేసుకొనిపోయే ఏ రైతునైనా అడగండి. తేజ ఏది, చపాట ఏది అని కళ్ళు మూసుకొని చేత్తో తడిమి చెప్తాడు. తేజ సన్నగా ఉంటుంది, మంట. చపాట టమాటా లాగా గుండ్రంగా, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చపాట తేజ లాగా మండలేదని దాన్ని నకిలీ మిరప అని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. అది వేరే రకం అని మనకు తెలుసు గనుక. తెలియని వస్తువు దగ్గరికి వచ్చేసరికి, తేడా కనబడగానే మోసం అనేశాం. మనకు తెలిసినది తక్కువైనకొద్దీ మన తీర్పు తొందరపడుతుందేమో.

ఆ వారమంతా మాకు లేవీయకాండము 14వ అధ్యాయం మనసులో తిరిగింది. సాధారణంగా ఆ అధ్యాయం మీద ఎవరూ ప్రసంగం చేయరు, మేమూ ఎప్పుడూ చేయలేదు. అందులో ఇంటి గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు కనబడితే ఏం చేయాలో ఉంది. ఇంటాయన వచ్చి యాజకుడికి చెప్పాలి. యాజకుడు వెంటనే పరుగెత్తి వచ్చి తీర్పు చెప్పడు. ముందు ఇంట్లో సామానంతా బయట పెట్టిస్తాడు, తాను లోపలికి వెళ్ళకముందే. ఒకవేళ ఇల్లు అపవిత్రమని తేలితే ఆ పేదవాడి కుండలూ బట్టలూ కూడా దాంతో పోకూడదని. తర్వాత చూస్తాడు. చూసి కూడా తేల్చడు. ఏడు రోజులు ఇల్లు మూసి ఉంచి, ఏడో రోజు మళ్ళీ వచ్చి చూస్తాడు. మచ్చ పాకితే ఆ రాళ్ళు తీయించి, గీకించి, కొత్త పూత పెట్టించి మళ్ళీ చూస్తాడు. అన్నిసార్లు చూశాకే ఇల్లు కూల్చమంటాడు, లేకపోతే శుద్ధమని చెప్తాడు.

ఒక గోడ మీది మచ్చకు అన్ని చూపులు. ఒక విధవరాలి పేరుకు మేము ఇచ్చింది ఒక్క చూపు. ఆమె సామాను బయట పెట్టించలేదు సరికదా, ఇల్లే ముందు కూల్చాం. మేము ఏడు రోజులు ఆగి ఉంటే చాలు. ఆ పిల్ల వాళ్ళ మేడంను అడిగిన మాట మేమే అడిగి ఉండేవాళ్ళం.

మోసం లేదని మేము అనడం లేదు. కారంలో రంగు కలిపేవాళ్ళు, మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను పట్టుకోవాలి. జాగ్రత్తగా ఉండటం పాపం కాదు. అయితే అనుమానం వచ్చిన రోజే పరీక్ష చేయించాలి, లేదా నోరు కట్టుకోవాలి. మేము రెండూ చేయలేదు. అనుమానాన్ని ఇంట్లో ఉంచుకోకుండా, నిజమో కాదో చూడకుండా, పొట్లంతో పాటు బయటికి పంపాం.

హనుమకొండ నుంచి వచ్చిన సాయంత్రమే అక్క ఇంటికి పోయాం. ఆమె పొయ్యి దగ్గర ఉంది. మేము చెప్పవలసింది చెప్పాం. తప్పు మాదని, ఆమె అడిగిన రోజు కాదని చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పని. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మంట సరిచేసి, తర్వాత అన్నది.

"మీరు నా ఇంట్ల చెప్తున్రు అయ్యగారూ. నా పేరు పోయింది ఈ ఇంట్ల కాదు గదా."

ఆ మాట నిజం. మాట ఎంత దూరం పోయిందో అంత దూరం మేము నడవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమని, చిన్న బల్ల వేసి, రెండు కొట్ల పొట్లాలూ పోశాం. ఆ పిల్ల పరీక్ష చేసి చూపించింది, కొత్త బ్లీచింగ్ పౌడర్‌తో. ఎరుపు వచ్చినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము లేచి, జరిగిందంతా చెప్పి, సంఘం ముందు ఆ అక్కను క్షమించమని అడిగాం. ఆ తర్వాత వరసగా మూడు వారాలు సంతకు పోయి ఆమె పక్కన కూర్చున్నాం. అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ చెప్పాం. వంట మాస్టారు ఇంటికి కూడా పోయాం. ఆయన భూతద్దంలో చూశాడు, ఎరుపు చూశాడు, అయినా తల ఊపి, "మా గురువు వెంట్రుకలదే అసలుదని చెప్పిండు" అన్నాడు. ఆయనకు కోపం లేదు. ఆయన నేర్చుకున్నది అదే. పెర్లాటమ్ ఆయనకు ఇష్టమైతే ఏరుకొని వేసుకోవచ్చు, అది ఆయన చేతివాటం. నకిలీ అన్న మాట మాత్రం ఇక అనవద్దని అడిగాం. సరే అన్నాడు.

అంతా మునుపటిలాగా అయిందని రాస్తే అబద్ధమవుతుంది. పాత గిరాకీలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఒక హోటలాయన నెలకు కట్టే లెక్క వేరే కొట్టుకు మార్చుకున్నాడు, అది పోయినట్టే. జనవరి నష్టం ఆమెదే. బిడ్డ ఫీజు ఒక వాయిదా మేము కట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. "అప్పు కింద అయితే తీసుకుంట" అన్నది. అప్పు కిందనే ఇచ్చాం. ఇప్పుడు ఆరాధన అయ్యాక గబగబ వెళ్ళిపోవడం లేదు. కానీ ఇంకా వెనక వరుసలోనే కూర్చుంటోంది. ముందుకు రమ్మని మేము పిలవడం లేదు. అది ఆమె ఇష్టం.

ఒక సంగతి మాత్రం కొత్తగా జరుగుతోంది. లైకెన్లు చాలా మెల్లగా పెరుగుతాయని, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరిగేవి ఎక్కువని బిడ్డ చెప్పింది మొదలు, అక్క పొట్లంలో కింద పడ్డ తునకలు కూడా ఊడ్చి పారేయడం లేదు. అరచేతిలోకి తీసుకొని, "ఇది ఎన్నేండ్లదో ఏమో" అని మళ్ళీ డబ్బాలో వేస్తోంది.

మా చర్చి వెనక ఒక పెద్ద బండ ఉంది. దాని మీద బూడిదరంగు, నలుపు, లేత పసుపు మచ్చలు ఎన్నో. ఇన్నేండ్లూ అది పాత బండ మీది మురికి అనుకున్నాం. ఒకసారి సున్నం వేయిద్దామా అని కూడా అనుకున్నాం. ఇప్పుడు సాయంత్రం పూట పిల్లలు భూతద్దం పట్టుకొని దాని చుట్టూ తిరుగుతున్నారు. అవి రాతిపువ్వులు కావు, రాతిని పెచ్చులా కరుచుకొని ఉండే వేరే లైకెన్లు. మన ఎండలకు అట్లాంటివే తట్టుకుంటాయి. వాటి పేర్లు ఇంకా నేర్చుకోవలసే ఉంది. నేర్చుకునేదాకా వాటిని మురికి అని మాత్రం అనము.

ప్రియులారా, మీ ఊళ్ళో కూడా ఎవరి మీదనైనా ఒక్క చూపుతో తేల్చిన మాట ఒకటి తిరుగుతూ ఉండవచ్చు. అది మీ గడప నుంచి బయలుదేరిందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మేము మా గడప మీద నిలబడ్డ ఆ అక్కకు ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. "అక్కా, మాకు తెలియదు, తెలుసుకొని చెప్తం" అని. అంత చిన్న మాట. ఆ మాట అనేంత తగ్గింపు మాకు ఇవ్వమని ప్రార్థిస్తున్నాం, మీరూ మా కోసం ప్రార్థించండి.

మీ పరిచారకులం.